పాత పిస్తోలుకి లింకు డాక్యుమెంట్లు

(నెల్లూరులోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా అక్కడక్కడా వాక్యాలు సరిచేశాం.)

పెద్దలకు, అమ్మలకు, చోటు లేక వెనక నిలబడిన పిల్లలకు నమస్కారం.

పాత పిస్తోళ్ల మీద మాట్లాడతాడంటే ఒక పిస్తోలైనా పట్టుకొస్తాడని అనుకున్నవాళ్లు ఉంటారు. తేలేదు. లైసెన్సు మీద ఉన్న ఆయుధాన్ని సభలో చేతులు మార్చి చూపించడం తప్పు, ఆ పని నేను చేయను. ఈ కవరులో ఒక కాగితం తెచ్చాను. ముందు వరసలో ఉన్నవాళ్లు చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. కవరులోంచి మాత్రం తీయొద్దు, మడతల దగ్గర విడిపోతోంది.

ఇది 1936 నాటి ఆయుధ లైసెన్సు. ఇంగ్లిషులో చేత్తో రాసిన ఒక వరస ఉంది, చూడండి: 'వన్ ఎమ్మెల్ పిస్టల్, ఓల్డ్'. ఎమ్మెల్ అంటే మజిల్ లోడింగ్. మందు, గుండు గొట్టం మూతి వైపు నుంచి దట్టించేదని అర్థం. వెనక వైపు ఏటేటా రెన్యువల్ చేసిన సంతకాలు ఉన్నాయి. ఈ కాగితంలో రాసిన పిస్తోలు నాకు రెండు రోజుల్లో దొరికింది. ఈ కాగితం దొరకడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్ల సంగతే ఈ రోజు చెప్పాలని వచ్చాను.

ముందు నాకు ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్తాను. మా తాత ఊరు కందుకూరు దగ్గర. ఇంట్లో ఒక తుపాకి, దానితో పాటు తోలు సంచిలో లైసెన్సు పుస్తకం ఉండేవి. దసరాకి ఆయుధ పూజ రోజు తుపాకి దించి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ పైకి ఎక్కించేవాళ్లు. తాత పోయాక మా నాయన దాన్ని స్టేషన్‌లో అప్పగించాడు. లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలని చట్టం. మా నాయన చట్టప్రకారమే చేశాడు. రసీదు కూడా ఇచ్చారు. ఆ రసీదు, ఆ లైసెన్సు పుస్తకం ఇల్లు సున్నం వేయించినప్పుడు పాత పేపర్ల కట్టతో కలిసి తూకానికి పోయాయి. పదేళ్ల తర్వాత నేను లైసెన్సు తెచ్చుకుని తుపాకి కోసం వెళితే, 'రసీదు లేకుండా ఏ తుపాకి అని వెతకాలి' అన్నారు. వాళ్ల దగ్గర రిజిస్టరు దొరకలేదు, మా దగ్గర నంబరు లేదు. ఆ తుపాకి ఇప్పటికీ ఎక్కడుందో తెలియదు. తుపాకి పోయినందుకు కాదు నాకు బాధ. తాత చేతిరాతతో ఉన్న ఆ పుస్తకాన్ని మేమే కిలోల లెక్కన అమ్ముకున్నాం.

నెల్లూరులో పది అంకణాల స్థలం కొనాలంటే ముందు ఏం అడుగుతాం? లింకు డాక్యుమెంట్లు. ఈసీ తీయిస్తాం. అమ్మేవాడికి ఎవరు అమ్మారు, వాళ్లకి ఎట్లా వచ్చింది, మధ్యలో పంపకాలు సరిగ్గా జరిగాయా అని లాయరుకి చూపిస్తాం. ఒక్క లింకు తెగితే అడ్వాన్సు వెనక్కి అడుగుతాం. అదే మనిషి పాత పిస్తోలు దగ్గరికి వచ్చేసరికి 'మా ముత్తాతకి టిప్పు సుల్తాన్ ఇచ్చాడంట' అనే ఒక్క మాట మీద డబ్బు లెక్కపెట్టి ఇచ్చేస్తాడు. అంకణానికి ఒక న్యాయం, పిస్తోలుకి ఒక న్యాయమా?

మన రెండు జిల్లాల్లో ఏ పాత పిస్తోలు గురించి అడిగినా మూడు పేర్లే వినపడతాయి. టిప్పుది, ఉదయగిరి నవాబుది, లేదంటే వెంకటగిరి రాజావారిది. ఇప్పుడు నేను చెప్పబోయేది ఉదయగిరి వైపు ఒక ఊళ్లో చూసిన పిస్తోలు. ఊరు పేరు, ఇంటి పేరు చెప్పను. ఆయుధాలున్న ఇల్లు ఎక్కడో నలుగురికీ చెప్పకూడదు.

ఆ ఇంటి పెద్దావిడకి ఎనభై దాటాయి. పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి మంచం మీద పెట్టింది. 'టిప్పు సుల్తాను మా వాళ్లకి ఇచ్చింది అబ్బయా, జాగర్తగా చూడు' అంది. మూర కంటే తక్కువ పొడవు. చెక్క పిడి చేతి చెమటకి నల్లబడి నున్నగా ఉంది, చివర ఇత్తడి తొడుగు. నేను గొట్టం వైపు చూడలేదు. మూడు వేళ్ల వెడల్పున్న ఆ ఉక్కు పలక వైపు చూశాను. మీట నొక్కితే కదిలే భాగాలన్నీ దాని వెనకే ఉంటాయి. ఆ పిస్తోలు చరిత్రంతా ఆ పలక మీదే ఉంటుంది.

టార్చి పక్కవాటంగా పట్టుకుంటే ఒక గుర్తు లేచింది. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లతో కిరీటం పట్టుకున్న సింహం. అది ఈస్టిండియా కంపెనీ గుర్తు. కంపెనీ అంతకు ముందు తన ఆయుధాల మీద హృదయం ఆకారంలో గీత గీసి నాలుగు గళ్లలో అక్షరాలు కొట్టేది. 1808లో దాన్ని మార్చి సింహం పెట్టింది. టిప్పు శ్రీరంగపట్నంలో చనిపోయింది 1799 మే 4న. అంటే ఆ పిస్తోలు తయారయ్యేనాటికి టిప్పు పోయి కనీసం తొమ్మిదేళ్లు. పైగా టిప్పు కార్ఖానా తుపాకులకి వేరే లక్షణాలు ఉంటాయి. పులి చారలు, పులి తలలు, తండ్రి హైదర్ పేరుకి గుర్తుగా ఒక అక్షరం, టిప్పు తానే పెట్టిన మౌలూదీ శకం సంవత్సరం. ఆ సంవత్సరపు అంకెలు కూడా కుడి నుంచి ఎడమకి చదవాలి. ఈ పిస్తోలు మీద అవేవీ లేవు.

పలక మీద ఇంకో సంగతి ఉంది. గొట్టానికి ఆనుకుని రెండు చోట్ల రంధ్రాలు పూడ్చి అరగదీసిన మచ్చలు. అవేంటో చెప్పాలంటే పాత పిస్తోలు పేలే తీరు చెప్పాలి. మొదట్లో వీటికి చెకుముకి రాయి ఉండేది. పిస్తోలు మీద సుత్తిలా ముందుకు పడే ముక్కని గుర్రం అంటారు. దాని నోట్లో రాయి బిగిస్తారు. మీట నొక్కితే అది వచ్చి ఉక్కు రేకుని గీరుకుంటుంది. రవ్వలు కింద చిన్న గిన్నెలో ఉన్న రంజకం, అంటే నిప్పంటించే మందు మీద పడతాయి. రంజకం భగ్గుమని సన్నటి రంధ్రం గుండా గొట్టంలో మందుని అంటిస్తుంది. వాన పడితే రంజకం తడిసేది, పిస్తోలు మూగబోయేది. 19వ శతాబ్దం మొదటి సగంలో రాగి టోపీ వచ్చింది, దెబ్బ తగిలితే నిప్పు పుట్టే మందు దాని లోపల ఉంటుంది. గుర్రం టోపీని కొడితే చాలు, రాయితో పని లేదు, వానతో భయం లేదు. అప్పుడు చాలామంది పాతవాటిని పారేయకుండా రంజకం గిన్నె, ఉక్కు రేకు పీకేసి టోపీ పద్ధతికి మార్పించుకున్నారు. ఆ మచ్చలు అవే. అంటే దీన్ని 1808 తర్వాత ఎప్పుడో చేశారు, తర్వాత ఇంకెప్పుడో మార్పించారు. ఎవరో దీన్ని వాడాలనుకున్నారు కాబట్టే ఖర్చు పెట్టి మార్పించారు.

ఇదంతా ఆ పెద్దావిడకి చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు తటపటాయించాను. చివరికి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. 'అయితే టిప్పుది కాదంటావు. మరి ఎవురిది?' అంది. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే రెండేళ్లు పట్టింది.

ఎక్కడ వెతకాలి? ఆయుధాలకి లైసెన్సు ఉండాలన్నది ప్రధానంగా 1878 ఆయుధ చట్టంతో గట్టిపడింది. అక్కడి నుంచి మామూలు కుటుంబాలకి కాగితం పుట్టింది. రాజాలకి, బిరుదులున్న పెద్ద జమీందారులకి మాత్రం మినహాయింపులు ఉండేవి. అందుకే పెద్ద సంస్థానాల పిస్తోళ్లకి లైసెన్సు దొరక్కపోవచ్చు, వాటికి ఎస్టేటు లెక్కల్లో వెతకాలి. చిన్న మోతుబరి ఇంటి పిస్తోలుకి రాజావారి పిస్తోలు కంటే మంచి కాగితం ఉండే అవకాశం ఉంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజున కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంకో మాట. మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసి అక్కడికే వెళ్తే కాగితం దొరకదు. కాగితం పుట్టిననాడు ఏ జిల్లాలో ఉందో చూడాలి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు జిల్లా. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు జిల్లానే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1970లో వీటన్నిటినీ కలిపి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేశారు, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కందుకూరు మళ్లీ 2022లో నెల్లూరులోకి వచ్చింది. మా తాత తుపాకి కాగితాల కోసం నేను ఒంగోలులో తిరిగిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు నొప్పులు పుడతాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953కి ముందు మనం మద్రాసు రాష్ట్రం కాబట్టి అంతకు పాతవి కావాలంటే చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌కి కూడా పోవాలి.

ఇక ఎక్కువమందికి తట్టని చోటు ఒకటుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. పాతరోజుల్లో అన్నదమ్ములు వేరుపడితే పారీఖత్తు రాసుకునేవాళ్లు. పొలాలతో పాటు ఇంట్లో ఉన్న చెంబూ తపేలా కూడా అందులో రాసేవాళ్లు. పొలం ఉంది కాబట్టి అది ఒకటో నంబరు పుస్తకంలో ఎక్కుతుంది. ఒకటో పుస్తకం ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు. వీలునామాలు ఉండే మూడో పుస్తకానికి, మిగతావి ఉండే నాలుగో పుస్తకానికి ఆ స్వేచ్ఛ లేదు. రాసినవాళ్లకి, వాళ్ల హక్కుదారులకి మాత్రమే ఇస్తారు. వీలునామా అయితే రాసిన మనిషి చనిపోయాక ఇతరులు కూడా నకలు అడగొచ్చు.

ఆ పెద్దావిడ మనవడిని వెంటబెట్టుకుని వెళ్లాను. 1911 నాటి పారీఖత్తు దొరికింది. నాలుగు పేజీలు పొలాల హద్దులు చదివి చదివి నాకు కళ్లు తిరిగాయి. ఐదో పేజీలో చరాస్తులు. ఇత్తడి గంగాళాలు రెండు, వెండి మరచెంబు ఒకటి, ఇనప పెట్టె ఒకటి, ఎద్దుల బండి, ఆ కింద రెండో కొడుకు వాటాలో ఇట్లా ఉంది: 'సింహం గురుతు గల పాత పిస్తోలు 1'. అది చదవగానే ఆ కుర్రాడు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. పిస్తోలు అని మాత్రమే రాసుంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఏ పిస్తోలో? సింహం గుర్తు అని రాశారు కాబట్టి కాగితం, ఇనుము ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆ రాతకాడు ఎవరో, ఆయన పేరు కూడా పేజీ కింద ఉంది, పలక దగ్గరికి తీసుకుని చూసి రాసి ఉంటాడు. ఆయనకి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

తర్వాత ఇనప పెట్టె అడుగున ఈ 1936 లైసెన్సు దొరికింది, రెండో కొడుకు కొడుకు పేరు మీద. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన రసీదులు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ లెక్కచేయరు గానీ, ఫలానా రోజున ఈ ఆయుధం ఈ ఇంటిదే అని సర్కారు సంతకం పెట్టిన కాగితం అంతకంటే ఏముంటుంది? మీ ఇళ్లలో ఉంటే పారేయకండి.

ఈ సంగతి తెలిసి ఒక వ్యాపారి ఫోన్ చేశాడు. 1839లో కర్నూలు నవాబు రహస్యంగా ఆయుధాలు పోగేశాడని కంపెనీవాళ్లు కోట సోదా చేశారు కదా, ఆ గొడవ ఉదయగిరి జాగీరుకీ తగిలింది కదా, 'ఇది ఉదయగిరి జాగీర్దారుది అని ఒక్క లైను రాసివ్వండి సార్, రేటు మూడింతలు అవుతుంది' అన్నాడు. ఊరు దగ్గరే, కాలం కూడా సరిపోతుంది, వినడానికి బాగానే ఉంది. కానీ 1911కి వెనక నా దగ్గర ఒక్క కాగితం లేదు. రాయనన్నాను. కాలం కలిసినంత మాత్రాన లింకు కలవదు.

కాగితం ఎంత పని చేస్తుందో చెప్పడానికి అందరికీ తెలిసిన మనిషి పిస్తోలు సంగతి చెప్తాను. 1928 డిసెంబరు 17న లాహోరులో బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్‌ని కాల్చిన కేసులో భగత్ సింగ్ పిస్తోలు. అది .32 కోల్ట్ ఆటోమేటిక్. కేసు అయ్యాక పంజాబులో ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రానికి చేరింది. 1969లో మరికొన్ని ఆయుధాలతో కలిపి ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం ఆయుధాల స్కూలుకి పంపారు. అక్కడ మిగతా పిస్తోళ్ల మధ్య ఏళ్ల తరబడి ఉండిపోయింది. తుప్పు పట్టకుండా నల్ల రంగు పూశారు. అది ఎవరిదో అక్కడ ఎవరికీ తెలియదు. 2016లో ఒక పంజాబ్ పాత్రికేయుడు పాత రికార్డుల్లో ఉన్న నంబరు పట్టుకుని వెంటపడితే, రంగు గీకి చూశారు. 168896. రికార్డులో నంబరు, ఇనుము మీద నంబరు ఒకటే. ఇప్పుడు పంజాబులోని హుస్సేనీవాలాలో జనం బారులు తీరి చూస్తున్నారు. ఆ ఆరు అంకెలు ఎక్కడా రాసి ఉండకపోతే అది ఈ రోజుకీ ఇండోర్‌లో ఒక పాత కోల్ట్ పిస్తోలుగా ఉండేది.

మన వైపు అల్లూరి సీతారామరాజు సంగతి చూడండి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేశాడు. తీసుకెళ్లిన ఆయుధాల లెక్క తానే రాసి సంతకం పెట్టాడు. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

విదేశాల్లో ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. 1814లో గద్దె దిగాల్సి వచ్చినప్పుడు నెపోలియన్ తన జంట పిస్తోళ్లతో చనిపోవాలనుకున్నాడు. దగ్గరి మనిషి కోలాంకూర్ వాటిలోంచి మందు తీసేశాడు. తర్వాత నెపోలియన్ ఆ పిస్తోళ్లు అతనికే ఇచ్చాడు. ఆ కుటుంబంలోనే తరాలు దాటుతూ వచ్చాయి. 2024 జులైలో వేలం వేస్తే సుమారు 16.9 లక్షల యూరోలు పలికాయి. దేశం దాటి పోకుండా ఫ్రాన్సు ప్రభుత్వం జాతీయ సంపదగా ప్రకటించింది. చేతులు మారింది ఎవరి నుంచి ఎవరికో గట్టిగా తెలుసు కాబట్టే ఆ ధర పలికింది.

చట్టం గురించి నలుగురూ పొరపాటు పడేది చెప్పాలి. 'వందేళ్లు దాటిన తుపాకికి లైసెన్సు అక్కర్లేదు' అంటారు. తప్పు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు పాతకాలపు లేదా పురాతన విలువ ఉన్న ఆయుధాలకే గానీ, బాగు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాదు అన్నప్పుడే వర్తిస్తుంది. కమ్మరి ఒక స్ప్రింగు వేస్తే పేలుతుందంటే ఎంత పాతదైనా లైసెన్సు కావాలి. పనికిరాదని మీకు మీరు తేల్చుకోకండి. జిల్లాలో లైసెన్సు ఇచ్చేది కలెక్టరుగారు, అక్కడ అడిగి కాగితం మీద జవాబు తీసుకోండి. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. ఇక వందేళ్లు దాటిన వస్తువుకి 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపించేస్తాం అంటే కుదరదు, ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు.

రెండే ఉండాలంటే ఇక సేకరణ ఏంటి అని అడుగుతారు. నా సేకరణ అంతా ఈ ఫైళ్లే. నా లైసెన్సు మీద ఉన్న పిస్తోలు ఒకటే. ఆ పెద్దావిడ పోయాక మనవడు కలెక్టరుగారి అనుమతితో నా పేరు మీదకి మార్పించాడు, దాంతో పాటు కాగితాలన్నీ ఇచ్చాడు. కానీ రెండు జిల్లాల్లో ముప్పైకి పైగా పిస్తోళ్ల చరిత్ర నా బీరువాలో ఉంది. పిస్తోలు వాళ్లింట్లోనే ఉంటుంది. నేను వెళ్లి కొలతలు రాస్తాను, గుర్తుల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తాను, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి తేదీ వేస్తాను. కథ నిజం కాకపోయినా రాస్తాను, 'కుటుంబం చెప్పేది' అని పైన రాసి. కాగితంతో రుజువైంది వేరే పేజీలో ఉంటుంది. ఆ రెండు పేజీలు ఎప్పుడూ కలపను. 1905లో నెల్లూరు జిల్లా శాసనాలని బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా వేశారు. ఊరూరా తిరిగి రాతి మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. నేను చేస్తున్నది వాళ్ల పనిలో ఆవగింజంత.

అమ్మలకి ఒక మనవి. దసరాకి ఆయుధాన్ని చింతపండుతో తోమకండి. ఇత్తడి బిందెకి మెరుపు తెచ్చే పులుపే ఉక్కు మీద గుర్తుని తినేస్తుంది. పొదిలి వైపు ఒక ఇంట్లో పిస్తోలు అద్దంలా మెరుస్తోంది. పలక మీద వేలు పెట్టి తడిమితే ఏదో అక్షరాలు ఉన్నట్టు తగులుతోంది, కంటికి మాత్రం ఒక్కటీ కనపడదు. ఏటా తోమి తోమి చేసినవాడి పేరు, సంవత్సరం చెరిపేశారు, అదీ భక్తితోనే. కుంకుమ పిడి మీద పెట్టండి చాలు. పొడి గుడ్డతో తుడిచి పల్చగా మిషను నూనె రాయండి. లోపల ఎప్పటిదో మందు దట్టించే ఉండొచ్చు, దాన్ని కదిలించే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి, పోలీసులకి చెప్పండి.

కొత్తగా కొనేవాళ్లకి కూడా ఒక మాట. బజారులో పాత ఇంగ్లిషు తుపాకుల గుర్తులని అనుకరించి 'టవర్' అని రాసి, కిరీటం కొట్టిన అలంకారపు పిస్తోళ్లు చాలా దొరుకుతాయి. అక్షరాల్లో తప్పులుంటాయి, ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది. వాటి గురించి ఇంతకు మించి చెప్పను.

కవరు వెనక్కి వచ్చిందా? ఆఁ, వచ్చింది. ఇప్పుడు ఈ పిస్తోలు లింకులు ఎంతవరకు వచ్చాయంటే, 1936 నుంచి ఇప్పటిదాకా తెగకుండా ఉన్నాయి. 1911లో ఒకటి ఉంది. 1911కి 1936కి మధ్య పాతికేళ్లు ఖాళీ. రెండో కొడుకు పేరు మీద అంతకు ముందు లైసెన్సు ఉండి తీరాలి, లేకపోతే కొడుక్కి ఎట్లా ఇచ్చారు? ఆ తాలూకాలో 1920ల లైసెన్సు రిజిస్టరు కోసం వచ్చే నెల మళ్లీ ఎగ్మూరు వెళ్తున్నాను. ఆ కుర్రాడు కూడా వస్తానన్నాడు. మీ ఇళ్లలో అట్లాంటి పాత పుస్తకాలు, రసీదులు ఉంటే తీసుకురండి, నేను ఇంకో గంట ఇక్కడే ఉంటాను.